పేరు పలచబడితే...

పరీక్షలు రాగానే మనమంతా నోట్సు పట్టుకొని పరుగెత్తేది జిరాక్స్ షాపుకే. లోపలి మిషను మీద కేనన్ అనో, రికో అనో రాసి ఉన్నా మనకది జిరాక్సే. వనస్పతి ఏ కంపెనీదైనా మన ఇళ్లలో డాల్డానే. పేరుకు ఇంతకంటే ప్రచారం ఏం కావాలి అనిపిస్తుంది. కాని సొంతదారుకు ఇది ప్రమాదమే. అమెరికాలో 'ఎస్కలేటర్' అన్నది ఒకప్పుడు ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్కు. కదిలే మెట్లన్నిటినీ జనం అలాగే పిలిచారు, ఓటిస్ కూడా తన ప్రకటనల్లో దాన్ని మామూలు మాటలాగే వాడింది. 1950లో ఆ హక్కు పోయింది.

పేరు ఇంకోరకంగానూ పలచబడుతుంది. 'బెంజ్' పేరుతో, వలయంలో మూడు కొనల నక్షత్రంలా నిలబడ్డ మనిషి బొమ్మతో ఒక సంస్థ మన దేశంలో లోదుస్తులు అమ్మింది. కారు కొనబోయి ఎవరూ బనియన్ కొనరు కదా! అయినా ఢిల్లీ హైకోర్టు వద్దంది. ఆ తీర్పు 1994 ఏ.ఐ.ఆర్.లో అచ్చయింది. కొనేవాడు మోసపోకపోయినా, పేరుకున్న ప్రత్యేకత కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. దీన్నే డైల్యూషన్ అంటారు. హాస్టల్ మజ్జిగ తాగిన మనకు వేరే వివరించనక్కరలేదు!

2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చిన 1999 ట్రేడ్‌మార్కుల చట్టం, 29వ సెక్షను 4వ ఉపవిభాగంలో దీనికి రక్షణ కల్పించింది. అయితే ఆ మార్కు రిజిస్టరై, దేశంలో పేరు పొందినదై ఉండాలి. అంటే ఇది ముఖ్యంగా పెద్దవాళ్ల ఆయుధమే.

మరి మన సంగతి? మన అన్నలు, అక్కలు కొందరు పచ్చళ్లో, టిఫిన్ సెంటరో పెట్టుకున్నారు. పొలం, బంగారం లేని మన ఇళ్లలో పదేళ్ల కష్టంతో కూడబెట్టే ఆస్తి ఆ బోర్డు మీది పేరే. దాన్ని పక్క వీధివాడు పెట్టుకుంటే? 'రుచికరమైన పచ్చళ్లు' వంటి పేరుకు రక్షణ దొరకడం కష్టం. వస్తువు గుణం చెప్పే మాట అందరిదీ. కొత్త మాట ఎంచుకోవాలి. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై కార్యాలయం. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతి వస్తువులకు రుసుము రూ.4,500. రిజిస్ట్రేషను పదేళ్లుంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. మన పేరులాంటిదే ఇంకొకరు అడిగితే అది ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో పడుతుంది. అభ్యంతరం చెప్పడానికి గడువు నాలుగు నెలలే. అది దాటి వాళ్లకు రిజిస్టరైన తర్వాత, తెలిసి తెలిసి ఐదేళ్లు ఊరుకుంటే హక్కు చేజారినట్లే.

రిజిస్టరు చేయకపోయినా, ఆ పేరు ముందునుంచీ మనదేనని, జనం దాన్ని నమ్మి కొంటున్నారని రుజువు చేయగలిగితే కోర్టు వింటుంది. కాబట్టి అన్నలూ, అక్కలూ, పాత బిల్లు పుస్తకాలు తూకానికి వేయకండి. బోర్డు కట్టిననాటి ఫోటో, పంచిన కరపత్రాలు కూడా తేదీ వేసి ఒక ఫైలులో పెట్టండి.