ఎయిర్ కండిషనరు మొరాయించినచో

వేసవి ముదిరి రెంటచింతలలోను రామగుండములోను ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటు దినములలోనే ఇంటి ఎయిర్ కండిషనరు మొరాయించుట పరిపాటి. ఇందు వింత లేదు. దానికి పని మిక్కుటమగునది ఆ దినములలోనే. మెకానిక్కునకు కబురు పంపుటకు ముందు గృహస్థులు స్వయముగా చూచుకొనదగినవేవి, ముట్టరానివేవి అను విషయమును విచారింతము.

ఈ యంత్రము చలిని పుట్టించదు. గదిలోని వేడిని మోసికొనిపోయి వెలుపల పారవేయును. వేడితోపాటు తేమను కూడ తీయును. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ దీనిని రూపొందించినది మనుష్యుల సుఖమునకు కాదు. బ్రుక్లిన్‌లోని ఒక ముద్రణాలయమున తేమకు కాగితము సాగి రంగులు చెదరకుండుటకు. ఒక టన్ను మంచు కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని 24 గంటలలో తొలగించు యంత్రమును ఒక టన్ను యంత్రమందురు. కనుక లోపము కనిపించినపుడెల్ల మనము వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మోతకు అడ్డు ఎక్కడ తగిలినది?

చల్లదనము తగ్గినచో ముందు రిమోటును చూడవలెను. "కూల్" అని ఉండవలసిన చోట "ఫ్యాన్" అని ఉండుట కలదు. పిదప లోపలి పెట్టె మూత ఎత్తి జాలిని పరిశీలింపవలెను. జాలి దుమ్ముతో మూసికొనిపోయినచో గాలి చాలక లోపలి గొట్టములపై మంచు కట్టును. దానిని కత్తితో గీకరాదు. చల్లబరచుట నాపి, ఫ్యానును మాత్రము కొన్ని గంటలు నడపిన అదియే కరగును. జాలిని నీటితో కడిగి, నీడన ఆరబెట్టి అమర్చవలెను. వేసవిలో రెండు వారములకొకమారు ఈ పని చేసిన చాలును.

వెలుపలి పెట్టెకును ఊపిరి కావలెను. దాని ముందు పాత సామానులు, ఆరవేసిన దుప్పట్లు ఉన్నచో అది వదలిన వేడిగాలినే మరల పీల్చుకొనును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో ఉప్పుగాలి దాని రేకులను తినివేయును. అచ్చట ఏటేట శుభ్రము చేయించుట మేలు.

గదిలో నీరు కారుచున్నదా? అది గాలిలోని తేమయే. బయటకు పోవు గొట్టము పాచిపట్టినను, వాలు తప్పినను, దాని కొస బకెట్టు నీటిలో మునిగియున్నను నీరు వెనుకకు తన్ని గోడపై కారును.

కరెంటు పోయి వచ్చిన వెంటనే చల్లగాలి రాలేదని తొందరపడరాదు. లోపలి ఒత్తిడులు సమమగుటకు సుమారు మూడు నిమిషములు పట్టును. కంప్రెసరు గుర్రుమని ఆగిపోవుచున్నచో వోల్టేజి తక్కువై యుండవచ్చును. స్విచ్చు మాటిమాటికి పడిపోయినను, కాలిన వాసన వచ్చినను దానిని మరల ఎత్తరాదు.

"గ్యాసు అయిపోయినది, నింపవలెను" అను మాటను ఏటేట విని సొమ్ము చెల్లించువారు పెక్కుమంది. గ్యాసు దీపములోని నూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో బావిగిలకపై చేదత్రాడువలె వచ్చుచు పోవుచుండును. అది తగ్గినదన్న ఎచ్చటనో కారినదని అర్థము. కావున రంధ్రమెక్కడ అని అడిగి, దానిని మూయించిన పిదపనే నింపించవలెను. లేనిచో వచ్చు వేసవికి అదే ఖర్చు మరల తప్పదు.

ఇక ముట్టరానివి. ప్లగ్గు తీసినను వెలుపలి పెట్టెలోని కెపాసిటరు విద్యుత్తును నిలుపుకొని ప్రాణాపాయమగు షాకునీయగలదు. నేటి యంత్రములలో పెక్కింట వాడు ఆర్ 32 గ్యాసు నిప్పంటుకొను గుణము కలది. మేడమీద వెలుపలి పెట్టె కొరకు సన్‌షేడుపైకి దిగుట మరింత ప్రమాదము. ఈ మూడును శిక్షణ పొందినవారి పనులు; వారికిని నడుమునకు త్రాడు ఉండవలెను.

యంత్రము బాగుపడినదో లేదో తెలియుటకు చిన్న పరీక్ష కలదు. పావుగంట నడచిన పిదప లోనికి పోవు గాలిని, వెలువడు గాలిని ఉష్ణమాపకముతో కొలువవలెను. భేదము సుమారు 8 నుండి 12 డిగ్రీలున్నచో చాలవరకు నిశ్చింతగా నుండవచ్చును. మెకానిక్కునకు సొమ్ము చెల్లించుటకు ముందే, అతని యెదుటనే ఈ కొలత తీయుట మంచిది.