డైస్ ప్రశ్నలో ‘కనీసం’ కనిపించిందా?

ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే, కనీసం ఒక్కసారైనా 6 పడే సంభావ్యత ఎంత? క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ఆప్టిట్యూడ్ టెస్టుల్లో, బ్యాంకు పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలు వస్తుంటాయి. ఒకసారికి 1/6 కాబట్టి నాలుగుసార్లకు 4/6, అంటే 2/3 అని టిక్ పెట్టేసేవాళ్లు చాలామంది. ఆప్షన్లలో అది కూడా రెడీగా ఉంటుంది మరి! కానీ అదే లెక్కన ఆరుసార్లు వేస్తే 6/6, అంటే 6 పడి తీరాలి. వైకుంఠపాళి ఆడే పిల్లల్ని అడిగినా అలా జరగదని చెప్పేస్తారు.

పాస్కల్ దాకా వెళ్లిన పందెం

ఈ పొరపాటు పాతదే. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో షెవాలియే ద మేరే అనే పెద్దమనిషికీ ఇదే తిరకాసు వచ్చింది. ఒక పాచికను 4 సార్లు వేసి 6 రప్పించే పందెం లాభమే. అలాగైతే రెండు పాచికలను 24 సార్లు వేసి జంట ఆరు రప్పించే పందెమూ లాభమే కావాలి, 4/6, 24/36 సమానమే కదా అన్నది ఆయన వాదన. లెక్క అలా కుదరలేదు. ఈ సంగతిని పాస్కల్ 1654లో ఫెర్మాకు రాసిన లేఖలో ప్రస్తావించాడు.

అసలు లెక్క ఇదీ. నాలుగుసార్లలో ఒక్కసారీ 6 పడకపోయే సంభావ్యత 5/6 × 5/6 × 5/6 × 5/6 = 625/1296. దీన్ని 1లోంచి తీసేస్తే 671/1296, సుమారు 51.8 శాతం. జంట ఆరుకు ఇలాగే చేస్తే 1 − (35/36)²⁴, సుమారు 49.1 శాతం. మొదటి పందెంలో లాభం, రెండోదాంట్లో నష్టం!

మూడు మాటలు పట్టుకోండి

మరియు: ఘటనలు స్వతంత్రమైతే గుణించాలి. రెండు పాచికలపైనా 6 పడే సంభావ్యత 1/6 × 1/6 = 1/36.

లేదా: కూడాలి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది తీసేయాలి. మొదటిదానిపై లేదా రెండోదానిపై 6 పడే సంభావ్యత 1/6 + 1/6 − 1/36 = 11/36.

కనీసం ఒకటి: ‘ఒక్కటీ పడకపోవడం’ కనుక్కుని 1లోంచి తీసేయాలి. 1 − 25/36 = 11/36. పైన వచ్చిన జవాబే!

ఇంటర్వ్యూలకూ ఇదే లెక్క

ఒక్కో ఇంటర్వ్యూలో మీరు సెలెక్ట్ అయ్యే ఛాన్స్ 20 శాతం అనుకుందాం. ఐదింటికి వెళ్తే కనీసం ఒక ఆఫర్ వచ్చే సంభావ్యత 1 − (0.8)⁵, అంటే దాదాపు 67 శాతం. 100 శాతం మాత్రం కాదు. పైగా ఆ 67 కూడా ఐదు ఇంటర్వ్యూలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే. ప్రతిచోటా అదే ఎస్‌క్యూఎల్ ప్రశ్న దగ్గర ఆగిపోతుంటే అవి స్వతంత్ర ఘటనలు కావు, ఈ ఫార్ములా వాటికి పనిచేయదు. అందుకే రిజెక్ట్ అయిన రోజే, చెప్పలేకపోయిన ప్రశ్నలు రాసిపెట్టుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలోపు నేర్చుకోండి. పాచిక ముఖాలు మారవు, మీ 20 శాతం మాత్రం మారుతుంది.

ఇప్పుడు మీ వంతు: మూడు పాచికలు ఒకేసారి వేస్తే కనీసం ఒకదానిపై 6 పడే సంభావ్యత ఎంత? 91/216 వచ్చిందంటే పద్ధతి పట్టుబడినట్టే.