కాఫీపొడికి ఎన్ని చొక్కాలు?

పొద్దున లేవగానే చాలా ఇళ్ళలో కాఫీ కావాలి. పిల్లవాణ్ణి కొట్టుకి పంపిస్తే చిన్న ప్యాకెట్టు తెస్తాడు. దాన్ని చింపి పొడి పాలల్లో వేస్తారు. కాఫీ రెండు నిమిషాల్లో తాగేస్తారు. మరి ఆ ప్యాకెట్టు ఏమైంది?

పెరట్లో పడింది. గాలికి వీధిలోకి పోయింది. వానకి కొట్టుకుపోయి మురిక్కాలవలో చేరింది. ఏళ్ళు గడిచినా అది కుళ్ళదు. మట్టిలో కలవదు.

ఒక లెక్క వేసి చూడండి. ఒక ఇంట్లో రోజుకి 2 ప్యాకెట్లు వాడతారు అనుకోండి. ఏడాదికి 730 అవుతాయి. ఊళ్ళో అలాంటి ఇళ్ళు 100 ఉంటే 73,000 ప్యాకెట్లు. ఇదంతా ఒక్క ఊరి చెత్తే. అదీ ఒక్క కాఫీ చెత్తే!

మూడు పొరలు ఎందుకు?

కాఫీ ప్యాకెట్టు చూడటానికి ఒకటే కాగితంలా ఉంటుంది. కానీ చాలా ప్యాకెట్లలో రెండు మూడు పొరలు ఉంటాయి. పై పొర ప్లాస్టిక్. దానిమీద పేరు, బొమ్మ అచ్చు వేస్తారు. మధ్యలో మెరిసేది అల్యూమినియం. లోపలి పొర ఇంకో రకం ప్లాస్టిక్. వేడి తగిలితే అది కరిగి అంటుకుంటుంది. ప్యాకెట్టు మూతి మూసేది అదే.

ఇన్ని పొరలు ఊరికే పెట్టలేదు. కాఫీపొడికి గాలి, తడి, వెలుతురు పడవు. గాలి తగిలితే వాసన పోతుంది. తడి తగిలితే పొడి గడ్డ కడుతుంది. ఆ మూడింటినీ పొరలు ఆపుతాయి.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్. దాన్ని కడిగి ఆరబెట్టి ఉంచితే పాత సామాన్లవాళ్ళు కొంటారు. కరిగించి మళ్ళీ వేరే వస్తువు చేస్తారు. కాఫీ ప్యాకెట్టు అలా కాదు. ప్లాస్టిక్కూ అల్యూమినియమూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం చాలా కష్టం, ఖర్చు. అందుకే చిత్తు ఏరుకునేవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోరు.

కాల్చేస్తే పోదా?

పొయ్యి రాజేయడానికి కొందరు ఈ కవర్లు వేస్తారు. అలా చేయకూడదు. ప్లాస్టిక్ పొగలో విషాలు ఉంటాయి. పొయ్యి దగ్గర కూర్చునేది ఆడవాళ్ళు. పక్కన ఆడుకునేది పిల్లలు. ఆ పొగ ముందు వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

పారేస్తే పశువులు తింటాయి. ఆవు పొట్టలో ప్లాస్టిక్ అరగదు. ఉండలా పేరుకుపోతుంది. మేత తినలేక ఆవు చిక్కిపోతుంది. ఒక్కోసారి చచ్చిపోతుంది.

గోనెసంచి చెప్పే సంగతి

అరకు లోయలో గిరిజన రైతులు చెట్ల నీడన కాఫీ పండిస్తారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తోటలో పండిన గింజల్ని ఎండబెట్టి గోనెసంచుల్లో నింపుతారు. గోనెసంచి జనపనారతో చేసింది. చిరిగితే కుట్టుకోవచ్చు, మళ్ళీ వాడుకోవచ్చు. చివరికి మట్టిలో కలిసిపోతుంది. కాఫీ గింజలు ఇలాంటి సంచుల్లోనే సముద్రాలు కూడా దాటిపోతాయి.

మరి గింజకి గోనెసంచి చాలినప్పుడు పొడికి మూడు పొరలు ఎందుకు? వేయించని గింజ ఓ పట్టాన చెడిపోదు. వేయించాక వాసన పోవడం మొదలవుతుంది. పొడి చేశాక మరీ తొందరగా పోతుంది. ఫ్యాక్టరీలో పొడి చేసి, నెలల తరబడి కొట్లో ఉంచి అమ్మాలంటే గట్టి ప్యాకెట్టు కావాలి. తాగే ఇంటికి దగ్గరలో పొడి పట్టించుకుంటే అంత ప్యాకెట్టు అక్కర్లేదు. అసలు కిటుకు ఇదే.

ఏం చేయవచ్చు?

చాలా పట్నాల్లో కాఫీ వర్క్స్ అనే కొట్లు ఉంటాయి. గింజలు వేయించి అక్కడే మరపట్టి ఇస్తారు. స్టీలు డబ్బా తీసుకెళ్ళి ఖాళీ డబ్బా తూకం ముందే వేయించుకోండి. తర్వాత అందులోనే పొడి పోయించుకోండి. వారం పది రోజులకి సరిపడా చాలు. డబ్బా పొడిగా ఉండాలి. మూత బిగుతుగా ఉండాలి. పొయ్యికి దూరంగా పెట్టాలి. తడి చెంచా ముంచకూడదు.

నీళ్ళలో వేస్తే కరిగే కాఫీపొడి ఇలా విడిగా దొరకదు. గాలి తగిలితే అది జిగురుగా గడ్డ కడుతుంది. అందుకని చిన్న ప్యాకెట్లు మానేసి పెద్ద ప్యాకెట్టు కొని గాజుసీసాలో పోసుకోవచ్చు. పెద్ద ప్యాకెట్టు ఒక్కసారి కొనడానికి చేతిలో డబ్బు ఉండకపోవచ్చు. పొదుపు సంఘంలో నలుగురైదుగురు కలిసి కొని పంచుకోవచ్చు. చెత్త తగ్గుతుంది. గ్రాము ఎంత పడిందో రెంటికీ లెక్క కట్టి చూడండి. డబ్బు మిగిలేదీ లేనిదీ తెలిసిపోతుంది.

కొన్ని కంపెనీలు ఒకే రకం ప్లాస్టిక్‌తో ప్యాకెట్లు చేస్తున్నాయి. వాటిని సేకరిస్తే కరిగించి మళ్ళీ వాడవచ్చు. కొన్ని ప్యాకెట్ల మీద కంపోస్టు అవుతుంది అని రాస్తారు. వాటిలో చాలావాటికి పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే వేడి కావాలి. పెరటి గుంతలో కుళ్ళకపోవచ్చు. కాగితపు కవరు లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర ఉండవచ్చు. చింపి చూస్తే తెలుస్తుంది.

బాధ్యత ఎవరిది?

చెత్త ఊడ్చేది ఆడవాళ్ళు. అంతమాత్రాన బాధ్యత అంతా వాళ్ళది కాదు. ప్యాకెట్టు తయారు చేసింది కంపెనీ. దాన్నుంచి లాభం తీసుకునేదీ కంపెనీయే. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరుకు అమ్మే కంపెనీలకి ఆ చెత్తని వెనక్కి సేకరించే బాధ్యత ఉందని వాటిలో రాశారు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు వంటివాటిని నిషేధించారు. కాఫీ ప్యాకెట్టు ఆ జాబితాలో లేదు.

కాబట్టి అడగాల్సింది ఇంకా ఉంది. చెత్త సేకరణకి వచ్చేవాళ్ళు ఈ కవర్లని విడిగా తీసుకుంటున్నారా? తీసుకుని ఎక్కడికి పంపుతున్నారు? గ్రామసభలో ఈ మాట అడగవచ్చు. చదువు వచ్చిన చెయ్యి అర్జీ కూడా రాయగలదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో వారానికి ఎన్ని చిన్న ప్యాకెట్లు చింపుతున్నారు? కాఫీ, షాంపూ, టీపొడి అన్నీ లెక్కపెట్టి రాయండి.

2. వాటిలో డబ్బాలోనో సీసాలోనో తెచ్చుకోగలిగినవి ఏవి?

3. మీ ఊళ్ళో చెత్త చివరికి ఎక్కడికి పోతోంది? వెళ్ళి చూసి రండి.