బాస్ చేపకు గాలం వేయడం ఎలా? రాడ్, రీల్, ఎరలు, ఇంకా నేను నీళ్లలో పడ్డ రోజు

చాలా మంది అడుగుతున్నారు, "అన్నా, డాలస్ వచ్చి కొత్త, ఫిషింగ్ మొదలుపెట్టాలంటే ఏం కొనాలి, ఎక్కడికి పోవాలి" అని. ఈరోజు ఆ ముచ్చటే. మధ్యలో ఒక సంగతి చెప్తాను, అది ఇంతవరకు వీడియోలో ఎప్పుడూ చెప్పలేదు. నేను కయాక్ మీంచి నీళ్లలో పడిన సంగతి. వీడియో స్కిప్ చేసేవాళ్లు కనీసం ఆ ముక్క వరకైనా ఆగండి.

నాకు గాలం అలవాటు మా మామ దగ్గర నుంచి వచ్చింది. మాది నర్సంపేట పక్కన. వానలు పడి చెరువు నిండితే మామ వెదురు కర్ర, దారం, ఒక గాలం ముల్లు పట్టుకుని కట్ట మీద కూర్చునేవాడు. చిన్న కప్పను ముల్లుకు గుచ్చి తుంగ పక్కన నీళ్ల మీద టపటపా ఆడించేవాడు. కొర్రమీను వచ్చి కొడితే ఆ చప్పుడు కట్ట మీదికి వినపడేది. ఇక్కడికి వచ్చాక అపార్ట్‌మెంట్ వెనక చిన్న కుంటలో ఒక పెద్దాయన రబ్బరు కప్పతో సరిగ్గా అదే పని చేస్తుంటే చూశాను. నీళ్లు పగిలినట్టు చప్పుడైంది. అది కొర్ర కాదు, లార్జ్‌మౌత్ బాస్. ఆ రోజు నుంచి నేను అయిపోయాను.

ముందు చేప గురించి రెండు మాటలు. దీని నోరు మూసి ఉన్నప్పుడు చూడండి, పైదవడ కంటిని దాటి వెనక్కి పోతుంది. అందుకే లార్జ్‌మౌత్. ఇది వెంటాడి వేటాడే రకం తక్కువ, మాటు వేసే రకం ఎక్కువ. మునిగిన చెట్టు, నాచు అంచు, బోట్లు కట్టేసే చెక్క వంతెన నీడ, ఇలాంటి చోట నక్కి ఉండి, ముందునుంచి పోయేదాన్ని ఒక్కసారిగా నోట్లోకి పీల్చేస్తుంది. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే సగం ఫిషింగ్ వచ్చేసినట్టే. ఖాళీ నీళ్ల మధ్యలోకి ఎంత దూరం విసిరినా లాభం లేదు. ఒడ్డుకు పది అడుగుల్లో ఒక మొద్దు ఉంటే, చేప ఆ మొద్దు దగ్గరే ఉంటుంది.

ఎంత పెద్దవి అవుతాయి అంటారా? ప్రపంచ రికార్డు 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టింది, 22 పౌండ్ల 4 ఔన్సులు. అంటే పది కిలోలు. 2009లో జపాన్ బివా సరస్సులో మనాబు కురిటా దాంతో సమానమైనది పట్టాడు. టెక్సాస్ రికార్డు 18.18 పౌండ్లు, 1992లో లేక్ ఫోర్క్‌లో పడింది. డాలస్ నుంచి లేక్ ఫోర్క్ దగ్గరదగ్గర గంటన్నర డ్రైవ్. నా రికార్డు ఎంతో అడగకండి. సరే, 7 పౌండ్లు. ఫొటో ఉంది.

లైసెన్సు సంగతి. 17 ఏళ్లు నిండితే కావాలి. టెక్సాస్ నివాసులకు మంచినీటి లైసెన్సు 30 డాలర్లు, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. "ఒక్కసారి ట్రై చేసి చూస్తా, అప్పుడే లైసెన్సు ఎందుకు" అనుకునేవాళ్లకు ఒక మాట. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నిలబడి పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, పార్కు ఎంట్రీ కడితే చాలు. మొదటిసారి అక్కడికే పోండి.

ఇక సామాను. నేను చేసిన మొదటి తప్పు, షాపుకు పోయి నేరుగా బెయిట్‌కాస్టర్ రీల్ కొనడం. వీడియోల్లో ప్రో వాళ్లంతా అదే వాడతారు కదా అని. దాంట్లో చక్రం తిరుగుతూ లైన్ వదులుతుంది. ఎర గాల్లో నెమ్మదించినా చక్రం అదే స్పీడులో తిరుగుతుంటే లైన్ అంతా చుట్టలు చుట్టలుగా ఉబ్బి పిచ్చుక గూడు అయిపోతుంది. మొదటి రోజు మూడు గంటల్లో నేను చేప పట్టింది లేదు, కూర్చుని చిక్కు తీశాను. పక్కన ఒక పిల్లాడు, పదేళ్లుంటాయేమో, 20 డాలర్ల సెట్టుతో రెండు పట్టేశాడు.

కాబట్టి మీరు స్పిన్నింగ్ రీల్‌తో మొదలుపెట్టండి. దీంట్లో చక్రం తిరగదు, లైన్ చుట్టలుగా జారిపోతుంది, చిక్కు తక్కువ. సైజు 2500 లేదా 3000. రాడ్ ఏడు అడుగులు, దాని మీద మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ అని రాసి ఉండాలి. పవర్ అంటే రాడ్ ఎంత గట్టిది అని. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుంది అని. ఫాస్ట్ అంటే కొస మాత్రమే వంగుతుంది, అడుగు భాగం గట్టిగా ఉంటుంది, చేప ముట్టుకున్నది చేతికి తెలుస్తుంది. 60 డాలర్ల లోపల రాడ్, రీల్ కలిపి మంచివే దొరుకుతాయి.

బెయిట్‌కాస్టర్ ఎప్పటికైనా కావాలి అనుకుంటే ఒక చిట్కా. ఎర కట్టాక బటన్ నొక్కి వదలండి. ఎర మెల్లగా కిందికి దిగి, నేలకు తగలగానే చక్రం కూడా ఆగిపోవాలి. ఆగకపోతే పక్కనున్న టెన్షన్ నాబ్ కొంచెం బిగించండి. ఆ తర్వాత అంతా బొటనవేలి పనే. ఎర నీళ్లను తాకే ముందు వేలితో చక్రాన్ని ఆపాలి. దీనికి వీడియో చూస్తే రాదు, ఖాళీ గ్రౌండులో రెండు సాయంత్రాలు విసరాలి.

లైన్ మూడు రకాలు. మోనో అంటే మామూలు నైలాన్, చవక, సాగుతుంది, ముడి బాగా పడుతుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో మునుగుతుంది, చేపకు తక్కువ కనపడుతుంది, సాగడం తక్కువ. బ్రెయిడ్ అంటే అల్లిన దారం, అసలు సాగదు, చాలా బలం, కానీ నీళ్లలో స్పష్టంగా కనపడుతుంది. కొత్తవాళ్లకు 10 పౌండ్ల మోనో చాలు. నాచులో కప్ప ఎర వేసేటప్పుడు మాత్రం బ్రెయిడ్ తప్పనిసరి, నేను 50 పౌండ్లది వాడతాను. లేకపోతే చేప నాచులోకి దూరి తెంపేసుకుని పోతుంది.

ముడి ఒక్కటి నేర్చుకోండి, పాలోమార్. ఇక్కడ చూడండి. లైన్‌ను జానెడు మేర రెండు మడతలు పెట్టి, ఆ మడతను హుక్ కంట్లోంచి దూర్చాలి. మామూలు ముడి ఒకటి వదులుగా వెయ్యాలి. ఆ మడత చివరి లూప్‌లోంచి హుక్‌ను బయటికి తియ్యాలి. ఇప్పుడు ఎంగిలితో తడిపి లాగండి. తడపడం చాదస్తం కాదండీ. ఎండుగా లాగితే రాపిడికి లైన్ వేడెక్కి అక్కడే బలం పోతుంది. నా చేతిలోంచి పోయిన పెద్ద చేపల్లో సగం ముడి దగ్గర పోయినవే.

ఎరలు షాపులో వేల రకాలుంటాయి. చాలావరకు చేపను కాదు, మనల్ని పట్టడానికి తయారుచేసినవి. రెండు చాలు.

మొదటిది టెక్సాస్ రిగ్. ముందు తూటా ఆకారంలో ఉండే పావు ఔన్సు బరువును, మొన రాడ్ వైపు ఉండేలా లైన్‌కు ఎక్కించండి. తర్వాత 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ కట్టండి, మెడ దగ్గర వంపు ఉంటుంది చూడండి, అది. ప్లాస్టిక్ వానపాము తలలోకి హుక్ మొన పావు అంగుళం గుచ్చి పక్కకు తీయండి, హుక్ కన్ను దాకా లాగి అరచుట్టు తిప్పండి. ఇప్పుడు మొనను వానపాము ఒంట్లోకి గుచ్చి, పైచర్మం కిందనే దాచేయండి. మొన బయట లేదు కాబట్టి కొమ్మల్లోంచి పోయినా చిక్కుకోదు. విసిరాక అడుగు దాకా దిగనివ్వండి. రాడ్ కొస మెల్లగా ఎత్తండి, దించండి, వదులైన లైన్ చుట్టండి. చేప ముట్టుకుంటే "టక్ టక్" అని రెండు సార్లు వేలితో తట్టినట్టు ఉంటుంది. కొన్నిసార్లు అదీ ఉండదు, లైన్ పక్కకు నడుస్తుంటుంది, అంతే. అప్పుడు వదులు చుట్టేసి రాడ్‌ను గట్టిగా పైకి లాగాలి, మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని దవడలో దిగాలి కదా.

రెండోది వాకీ రిగ్. ఐదంగుళాల లావు వానపామును సరిగ్గా నడుములో గుచ్చడం, అంతే. బరువు అక్కర్లేదు. విసిరి ఏమీ చేయకుండా ఉండాలి. అది రెండు కొసలూ వణుకుతూ కిందికి దిగుతుంది, ఎక్కువసార్లు అలా దిగేటప్పుడే చేప తీసేసుకుంటుంది. ఏమీ చేయకుండా ఉండడం మన వాళ్లకు చాలా కష్టం. ఫోన్ జేబులో పెట్టి లైన్‌నే చూడండి.

కప్ప ఎర మూడోది, అది నాకు ఇష్టం కాబట్టి చెప్తున్నా. నీళ్లు పగిలి చేప మింగినట్టు కనపడగానే లాగకండి. మామ ఎప్పుడూ "ఆగురా, మింగనీ" అనేవాడు. కొర్రకైనా బాస్‌కైనా అదే మాట. బరువు చేతికి తెలిశాక లాగండి.

కాలం విషయానికి వస్తే, నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే బాస్ గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోట్లకు వస్తుంది. ఉత్తర టెక్సాస్‌లో అది మార్చి, ఏప్రిల్. ఒడ్డు మీద నిలబడేవాళ్లకు పండగ. మగచేప తోకతో గూడు చేసి గుడ్లకు కాపలా కాస్తుంది. ఎండాకాలంలో పొద్దున చీకటితో, లేదా పొద్దుగూకాక పోండి.

ఆ మార్చి నెలలోనే నేను పడ్డాను. రే రాబర్ట్స్ సరస్సు. అందులో మునిగిన చెట్లు చాలా ఉంటాయి, చేపలకు మంచిది, మనకు కాదు. శనివారం పొద్దున కయాక్ వేసుకుని ఒక్కణ్నే పోయాను. నీళ్లు దగ్గరదగ్గర 55 డిగ్రీలు, అంటే మన లెక్కలో 13. లైఫ్ జాకెట్ నేను ఎప్పుడూ సీటు వెనక పడేసేవాణ్ని. చిన్నప్పుడు వ్యవసాయ బావిలో దూకి ఈత నేర్చుకున్నాను, నాకేంటి అని పొగరు. ఆ రోజు వేసుకున్నది ఒకే ఒక కారణంతో. మా ఆవిడ ముందు రోజు గొడవపడి, "వేసుకుని ఫొటో పెట్టు, లేకపోతే నేనే అక్కడికి వస్తా" అంది. ఫొటో కోసం వేసుకున్నాను. తీయడానికి బద్ధకం వేసి అలాగే ఉంచాను.

పది గంటలకు ఉత్తరపు గాలి మొదలైంది. ఎర ఒక మొద్దుకు చిక్కుకుంది. ఏడు డాలర్ల ఎర. పక్కకు వంగి చేత్తో లాగాను. అది ఒక్కసారిగా ఊడింది, కయాక్ తిరగబడింది.

చలినీళ్లలో పడితే ఏమవుతుందో నాకు తెలియదు అప్పటికి. ఈత వచ్చా రాదా అన్న ప్రశ్నే రాదు. ఒంటికి చలి తగలగానే మన ప్రమేయం లేకుండా పెద్దగా ఊపిరి లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. నా తల జాకెట్ వల్ల పైకి వచ్చింది. ఒక నిమిషం పాటు అరవడానికి కూడా ఊపిరి అందలేదు. కయాక్‌ను పట్టుకుని వేలాడాను. వేళ్లు మొద్దుబారిపోయాయి, తిరగేసి ఎక్కడం నా వల్ల కాలేదు. దూరంగా బోటులో ఉన్న ఒక ముసలాయన చూసి వచ్చి, చొక్కా కాలర్ పట్టి లాగినట్టు జాకెట్ భుజం పట్టి పైకి లాగాడు. రాడ్ పోయింది, ఫోన్ పోయింది. ఆయన ఒక్క మాట తిట్టలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చి, ఒడ్డు దాకా మాట్లాడకుండా తీసుకొచ్చాడు.

మన పిల్లలు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు, ఇక్కడి సరస్సుల్లో మునిగిపోయారన్న వార్తలు మీరూ చూసే ఉంటారు. అలాంటిది కనపడినప్పుడల్లా నాకు ఆ జాకెట్ గుర్తొస్తుంది. ఇప్పుడు జిప్పు వేశాకే కయాక్ నీళ్లలోకి దించుతాను. జాకెట్‌కు విజిల్ కట్టి ఉంటుంది. ఏ ర్యాంప్ నుంచి పోతున్నానో, ఎన్నింటికి వస్తానో ఇంట్లో మెసేజ్ ఉంటుంది. ఎర చిక్కుకుంటే పక్కకు వంగను. కయాక్‌ను మొద్దుకు అవతలి వైపుకు తీసుకుపోయి, ముందువైపు నుంచి లాగుతాను. రాకపోతే తెంపేస్తాను.

ఇక ఎప్పుడూ వచ్చే ప్రశ్న. "అన్నా, పట్టినది మళ్లీ వదిలేస్తావేంటి, పులుసు పెట్టుకోక?" తినొచ్చండీ, రూల్ ప్రకారం. టెక్సాస్‌లో మామూలుగా 14 అంగుళాలు దాటినవి రోజుకు ఐదు. కానీ ఒక్కో సరస్సుకు ఒక్కో రూల్. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యవి అన్నీ వదిలేయాలి, 24 దాటింది రోజుకు ఒక్కటే ఉంచుకోవచ్చు. పెద్ద చేపలు ఆడవి, గుడ్లు పెట్టేవి అవే. వదిలేటప్పుడు చేతులు తడుపుకోండి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, అదే దానికి రక్షణ. పెద్దదాన్ని దవడ పట్టి అడ్డంగా వంచకండి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. ఫొటో పది సెకన్లలో అయిపోవాలి.

ఒక తమాషా చెప్పి ముగిస్తా. మా కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. ఇక్కడ అమెరికాలో ఆ జాతి మొత్తాన్ని 2002లో హానికర జీవుల జాబితాలో పెట్టారు. ఆ ఏడాదే మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్లో ఒక కుంటలో దాని చుట్టం కనపడితే, కుంటకు మందు పెట్టి చంపేశారు. అటు జపాన్‌లో ఇదే బాస్‌ను నీళ్లలోకి వదలడం నేరం. అందుకే "అన్నా, బాస్ పిల్లల్ని మన చెరువుల్లో వేస్తే ఎలా ఉంటుంది" అని అడిగే తమ్ముళ్లకు నా జవాబు, వద్దు. మీ బోటు, కయాక్ కూడా ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పోయే ముందు నీళ్లన్నీ పారబోయండి, జీబ్రా మసెల్స్ ఆ నీళ్లతోనే పోతాయి, ఇక్కడ అది చట్టం కూడా.

మామకు వీడియో కాల్‌లో నా 7 పౌండ్ల చేపను చూపించాను. వెనక్కి వదులుతుంటే చూసి, "అట్లెట్ల ఇడిచిపెట్టినవ్‌రా" అని రెండు రోజులు మాట్లాడలేదు. వచ్చే ఎపిసోడ్‌లో రాత్రిపూట ఒడ్డు మీంచి పట్టడం చూద్దాం. ఉంటా మరి.