మిద్దెపై స్ట్రాబెర్రీ పెంపకము

పెరడు లేని యింట మొక్కలెట్లు పెంచుదుమని నిరాశ చెందు గృహిణులు మనలో ననేకులు గలరు. మా నారాయణఖేడులో సైతము, పల్లెయింటిని విడిచి సిమెంటు ఇల్లు కట్టుకొనిన కుటుంబములకు మిగులునది వాకిటి గచ్చును, నెత్తిమీది మిద్దెయును మాత్రమే. పల్లెలో బీర, చిక్కుడు, మల్లె పెంచిన మా యత్తగారు ఇచటికి వచ్చిన పిదప "నా చేతికి పని లేకపాయె కోడలా" యని దిగులుపడుచుండెడివారు. ఆమె కొఱకే మేము కుండీలు తెచ్చితిమి. వానిలో స్ట్రాబెర్రీ నాటవలెనన్నది మాత్రము పిల్లల పట్టుదల. రెండు చలికాలముల యనుభవమున మాకు దెలిసినదానిని, మేము చేసిన తప్పులతోసహా, ఇక్కడ విన్నవించుచున్నాము.

ఈ పండు మన దేశమున బుట్టినది కాదు. నేడు మనము తిను పెద్ద స్ట్రాబెర్రీ రెండు అమెరికా జాతుల కలయిక. 1714లో ఫ్రెజియే అను ఫ్రెంచి ఇంజనీరు చిలీ దేశమునుండి పెద్దపండ్ల జాతి మొక్కలను తన దేశమునకు గొనిపోయెను. అవి ఉత్తర అమెరికా జాతితో గలిసి యూరోపు తోటలలో ఈ క్రొత్త పండునకు గారణమైనవి. 1766లో డ్యూషేన్ అను శాస్త్రజ్ఞుడు ఆ సంగతిని వెల్లడించెను. మన దేశమున మహాబలేశ్వరము దీనికి బ్రసిద్ధి. ఆ ప్రాంతపు పండునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగునాట లంబసింగి కొండలలో చలికాలమున దీనిని పండించుచున్నారు.

మరి ఎండలు మండు మనచోట నిది బ్రతుకునా యని మీరడుగవచ్చును. మన సంగారెడ్డి జిల్లా చలి తక్కువది కాదు. కోహీరు, న్యాల్‌కల్ ప్రాంతములలో కొన్ని రాత్రులు ఉష్ణము పది డిగ్రీలకంటె దిగువకు దిగును. మన యొద్ద నాటు రకములు పెక్కు పగలు కుఱుచయై, రాత్రులు చల్లబడినప్పుడే మొగ్గ తొడుగును. పగలు పెరిగి వేడి యెక్కినచో పూత మాని తీగలు సాచును. కావున అక్టోబరున నాటి, మార్చిలోపల ఫలము దీసికొనుట మనకు దగిన పద్ధతి.

మొదటి యేట మేము రెండు తప్పులు చేసితిమి. చేనినుండి నల్లరేగడి తెచ్చి కుండీలు నింపితిమి. పత్తికిని, కందికిని తల్లివంటి ఆ మన్ను కుండీలో నీటిని బట్టియుంచి, ఆరినప్పుడు ఱాయివలె బిగియును. అదిగాక, మొక్క గట్టిగా నిలుచునని దాని మొదలును లోతుగా బూడ్చితిమి. పండ్రెండు మొక్కలలో తొమ్మిది మూడు వారములలో కుళ్లిపోయినవి. "నా చేతి చలువ పల్లెలనే పోయింది" అని మా యత్తగారు మిద్దె యెక్కుట మానివేసిరి. మొక్కలు పోయినందుకంటె ఆ మాట మాకు ఎక్కువ బాధ కలిగించినది. దోషము చేతిది కాదు, మట్టిదని తెలిసికొనుటకు మరుసటి యేడు పట్టినది.

ఇక పద్ధతి వినుడు. ఎనిమిదంగుళములకు దక్కువ లోతులేని కుండీని దీసికొనవలెను. పండ్రెండంగుళముల వెడల్పు గలదానిలో మూడు మొక్కలు పట్టును. అడుగున రంధ్రములుంచి, వానిపై పెంకుముక్కలు పరువవలెను. ఎఱ్ఱమన్ను రెండుపాళ్లు, బాగుగా మాగిన పశువుల యెరువు ఒక పాలు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, పిడికెడు వేపపిండి చేర్చవలెను. విత్తనములు కొనవలదు; పెద్దపండ్ల రకములు విత్తనముచే తల్లిని బోలవు. వింటర్ డాన్, స్వీట్ చార్లీ మున్నగు రకముల నారునే తెప్పించుకొనవలెను. ఆకులు పుట్టు నడిమి మొదలు మట్టికి సమముగా నుండవలెను. పూడినచో కుళ్లును, పైకి తేలినచో ఎండును.

ప్రొద్దుట వేళ ఆకులు తడియకుండ మొదట నీరు పోయవలెను. వ్రేలితో మట్టిని తాకి, పైపొర ఆరినప్పుడే పోయుట మేలు. బోరునీరు ఉప్పగా నున్నచోట ఆకులు పసుపెక్కుట కలదు. అట్టివారు పట్టియుంచిన వాననీటిని వాడుట మంచిది. తొలి పూవులను గిల్లివేసినచో మొక్క బలపడును. తరువాతి పూవులకు తేనెటీగలు రానిచో మెత్తని కుంచెతో నడుమ మెల్లగా త్రిప్పవలెను. లేనిచో పండు వంకరపోవును. క్రింద వరిగడ్డి పఱచినచో పండు మట్టి నంటదు. పిట్టలకును ఉడుతలకును వల యడ్డము కట్టవలెను. పూచిన నెలకు పండు వచ్చును. కోసిన పిదప ఇది మాగదు గనుక, పూర్తిగా ఎఱ్ఱబడిన తరువాతనే తొడిమతో కోయవలెను.

రెండవ యేట సంక్రాంతి నాటికి మాకు దోసెడు పండ్లు దక్కినవి. మా యత్తగారు ఒకటి నోట వేసికొని "రేగుపండంత రుచి లేదు గాని, చూపుకు బాగున్నది" అని నవ్విరి. మరునాటినుండి తెల్లవారగనే చెంబుతో మిద్దె యెక్కుట ఆమె నిత్యకృత్యమైనది.

ఒక్క సంగతి దాచము. ఏప్రిల్ ఎండకు పెక్కు మొక్కలు చచ్చును. మహాబలేశ్వరపు రైతులును ఏటేట క్రొత్త మొక్కలే నాటుదురు. కావున పోయినందుకు చింతింపక, కాపు ముగిసిన పిదప సాచిన తీగల గణుపులను చిన్న కుండీల మట్టిపై ఆనించి, వేరూనిన తరువాత కోసి, నీడలో తడియారకుండ కాపాడవలెను. మొన్నటి వేసవిలో మా యత్తగారు వేపచెట్టు నీడలో తడిగోనె చుట్టి ఐదు పిల్లమొక్కలను నిలిపిరి. అక్టోబరున వానినే నాటితిమి.

లాభమునకై ఈ పని పూనుకొనవలదు. బజారు పండే చౌక. కాని యింట పని లేదని నొచ్చుకొను పెద్దవారుండినచో, వారి చేతికి రెండు కుండీల నప్పగించి చూడుడు.