ఫోర్క్‌లిఫ్ట్ తాళం తిప్పే ముందు

ఓడరేవుల్లో, ఎరువుల గోదాముల్లో, శీతల గిడ్డంగుల్లో టన్నుల కొద్దీ సరుకును ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ చూపులకు చిన్న బండే అయినా, బరువంతా ముందు చక్రాలకు అవతల, చాచిన రెండు ఉక్కు ఫోర్కుల మీద మోస్తుంది కనుక, అది ముందుకు బోర్లా పడకుండా వెనుక భాగంలో భారీ ఇనుప దిమ్మను అమరుస్తారు. తక్కెడకు మధ్యనున్న ఇరుసు ఎలాగో ఈ బండికి ముందు చక్రాలు అలాగే. బండికి బిగించిన సామర్థ్య ఫలకం ఎంత బరువు ఎత్తవచ్చో, ఫోర్కు నిలువు ముఖం నుంచి సరుకు భారకేంద్రం ఎంత దూరంలో ఉండాలో చెబుతుంది; చాలా బండ్లలో ఈ దూరం 500 మి.మీ. అయితే ఆ ఫలకం మీది అంకె అన్ని భాగాలూ సవ్యంగా ఉన్న బండికే వర్తిస్తుంది.

అమెరికా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం ఫోర్క్‌లిఫ్ట్‌ను రోజూ పనిలోకి దించకముందే పరీక్షించాలి. రాత్రింబవళ్లు నడిచే బండినైతే ప్రతి షిఫ్టు ముగిశాక పరీక్షించాలి. ఏడాదికోసారి నిపుణుడు చేసే తనిఖీ ఎంత సమగ్రమైనదైనా, నిన్న సాయంత్రం దెబ్బతిన్న గొట్టాన్ని ఈ ఉదయం పట్టుకోలేదు.

ఇంజిను ఆపి ఉన్నప్పుడే మొదలయ్యే ఈ పరీక్షలో ముందుగా చూడవలసింది బండి కింది నేల, ఎందుకంటే రాత్రంతా కారిన నూనె మరక బండిని కదిపితే చక్రాల కింద చెరిగిపోతుంది. నూనె ఒత్తిడితో ఫోర్కులను పైకెత్తే హైడ్రాలిక్ గొట్టాల్లో చిల్లు ఉందేమోనని చేతితో తడిమి చూడటం మహా ప్రమాదం. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు, గాయం పైకి చిన్నదిగా కనిపించినా దానికి వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అందుకే అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఫోర్కు మడమకు, అంటే నిలువు భాగం వంగి అడ్డంగా తిరిగే మూలకు, దక్కాలి. బరువు వల్ల కలిగే వంపు ఒత్తిడి అక్కడే అత్యధికం, నేలకు రాసుకుని అరిగేదీ ఎక్కువగా అక్కడే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మందం 10 శాతం తగ్గితే, అంటే 40 మి.మీ. ఫోర్కు 36 మి.మీ.కు అరిగితే, దాన్ని పక్కన పెట్టవలసిందే. సన్నని పగులు కనిపించినా అంతే. కంటితో అరుగుదల అంచనా వేయలేరు కనుక కాలిపర్‌తో ముందు అరగని నిలువు భాగాన్నీ, తరువాత మడమనూ కొలిచి పోల్చడం మేలు.

మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం) గొలుసులు, టైర్లు, సీటు బెల్టు, దీపాలు, తలపై రక్షణ చట్రం చూడటానికి ఎక్కువసేపు పట్టదు. లెడ్-యాసిడ్ బ్యాటరీ బండి అయితే, ఛార్జింగు వేళ హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తరువాత బండిని నడిపి బ్రేకు, స్టీరింగు, హారను, మాస్ట్ లేపడం, వంచడం పరీక్షించాలి.

లోపం కనబడితే తాళంచెవి తీసేసి, వాడరాదన్న చీటీ తగిలించి, మెకానిక్‌కు అప్పగించాలి. చెక్‌లిస్టులో అన్నిటికీ కళ్లు మూసుకుని టిక్కులు పెట్టే అలవాటు డ్రైవర్ల బద్ధకం వల్లనే పుట్టదు, బండి ఆపినవాడిని లోడు ఆలస్యమైందని మందలించే చోటా పుడుతుంది. యాజమాన్యాలు ముందుగా ఆ భయాన్ని తొలగించి, బండి ఆపే అధికారాన్ని డ్రైవరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.