బాదుడు, సవరణ, రుసుము: తెలుగు రాష్ట్రాల పన్నుల వివాదాల్లో ద్వంద్వప్రమాణాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రజలపై భారమని ఖండించిన పన్నును అధికారంలోకి వచ్చాక అదే పార్టీ వసూలు చేయడం, విధించిన పార్టీయే పదవి పోయాక దానిపై ధర్నాకు దిగడం తెలుగు రాష్ట్రాల రాజకీయాల్లో తరచుగా కనిపిస్తాయి. వీటిని సాధారణంగా 'మాట మార్చడం'గా భావిస్తారు. అయితే ప్రతి మాట మార్పూ ద్వంద్వప్రమాణం కాదు. ఏది సహేతుకమైన మార్పు, ఏది ద్వంద్వప్రమాణం అన్న విచక్షణకు కొన్ని కొలమానాలను ప్రతిపాదించి, లే-అవుట్ల క్రమబద్ధీకరణ, చెత్త పన్ను, విద్యుత్ ఛార్జీలు, పెట్రోలు పన్ను, వస్తుసేవల పన్ను వివాదాలను వాటితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ వివాదాల్లో తెలుగు పదజాలం నిర్వహించిన పాత్రను కూడా వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పన్ను, రుసుము, సెస్సు, బాదుడు, ద్వంద్వప్రమాణం, ఎల్.ఆర్.ఎస్., వ్యాట్, జీఎస్టీ, రాజకీయభాష.

1. ఉపోద్ఘాతం:

సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు సరిహద్దు వెంబడి నడిస్తే, కొంత దూరం వెళ్లేసరికి ఆస్తిపన్ను కట్టవలసిన సంస్థ మారిపోతుంది. ఒకవైపు ఇళ్లు రక్షణ మంత్రిత్వశాఖ పరిధిలోని కంటోన్మెంటు బోర్డుకు, మరోవైపు ఇళ్లు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థకు పన్ను చెల్లిస్తాయి. 2016 ఫిబ్రవరి నగరపాలక ఎన్నికలకు ముందు, ఏటా 1,200 రూపాయల వరకు ఆస్తిపన్ను కట్టే ఇళ్లకు దానిని 101 రూపాయలకు తగ్గించారు. 2020 డిసెంబరు ఎన్నికలకు కొద్దిరోజుల ముందు, దీపావళినాడు, 15,000 రూపాయల వరకు పన్ను కట్టే ఇళ్లకు ఆ ఏడాది 50 శాతం రాయితీ ప్రకటించారు. కంటోన్మెంటు వైపు ఇళ్లకు ఈ ప్రకటనలు వర్తించలేదు. ఆదాయంలోను, ఇంటి విస్తీర్ణంలోను తేడా లేని రెండు కుటుంబాలకు పన్ను విషయంలో తేడా రావడానికి కారణం వారు ఏ పాలనాపరిధిలో ఉన్నారన్నదే.

రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు. అయితే చట్టబద్ధత వేరు, రాజకీయ నైతికత వేరు. ఒక పన్ను చట్టబద్ధమే అయినా, దాని గురించి పార్టీలు చెప్పే మాటలు కూర్చున్న స్థానాన్నిబట్టి మారితే, పౌరుడు ఎవరిని ప్రశ్నించాలో తెలియని స్థితి ఏర్పడుతుంది. ఈ వ్యాసం ఎన్నుకున్న సమస్య అదే.

2. మాట మార్పు - ద్వంద్వప్రమాణం:

తెలుగునేలపై పన్ను వ్యతిరేకతకు గొప్ప చరిత్ర ఉంది. 1919లో చీరాల-పేరాల గ్రామాలను పురపాలక సంఘంగా మార్చడంతో పన్నులు పెరిగాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు 1921లో ఇళ్లు విడిచి ఊరి బయట రామనగరం నిర్మించుకొని సుమారు పదకొండు నెలలు అక్కడే నివసించారు. పల్నాడులో అటవీ పుల్లరిని ప్రతిఘటించిన కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులకు బలయ్యాడు. ఈ ఉద్యమాల్లో పన్నును కాదన్నవారు దాని పర్యవసానాన్ని తామే భరించారు.

ఆ ఉద్యమాలను నడిపిన కాంగ్రెస్ 1937లో మద్రాసు రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది. రాజాజీ ప్రభుత్వం సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అందువల్ల తగ్గే ఆదాయాన్ని పూరించడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. పన్నులను ఎదిరించిన పార్టీయే కొత్త పన్ను వేసింది కాబట్టి దీనిని ద్వంద్వప్రమాణం అనవచ్చునా? అనలేము. ఏ ఆదాయం పోతున్నదో, దాని స్థానంలో ఏది వస్తున్నదో ఆ ప్రభుత్వం బాహాటంగా చెప్పింది. దానిపై చర్చకు అవకాశం కలిగింది.

ఈ ఉదాహరణల ఆధారంగా మూడు కొలమానాలను ప్రతిపాదించవచ్చు. (అ) పన్నును వ్యతిరేకించినప్పుడు పార్టీ ప్రత్యామ్నాయ ఆదాయమార్గాన్ని సూచించిందా? (ఆ) అధికారంలోకి వచ్చి అదే పన్నును కొనసాగించినప్పుడు తన పాత వైఖరిని ప్రస్తావించి, మార్పుకు కారణం చెప్పిందా? (ఇ) ఎదుటి ఖజానాకు వర్తింపజేసిన నియమాన్ని తన ఖజానాకూ వర్తింపజేసిందా? ఈ మూడింటికీ సమాధానం 'లేదు' అయితే అది ద్వంద్వప్రమాణం.

3. రెండు నిఘంటువులు:

పన్నుల గురించి తెలుగు రాజకీయభాషలో రెండు పదజాలాలు సమాంతరంగా నడుస్తున్నాయి. ప్రతిపక్షం, పత్రికాశీర్షికలు వాడేవి బాదుడు, మోత, వాత, వడ్డన, భారం. ఇవన్నీ శరీరానికి సంబంధించిన పదాలే. బాదుడు, వాత దెబ్బను సూచిస్తాయి. మోత, భారం బరువును సూచిస్తాయి. అన్నం పెట్టే క్రియ అయిన వడ్డన ఇక్కడ వ్యంగ్యార్థంలో వస్తుంది. ప్రభుత్వం వాడే మాటలు సవరణ, సర్దుబాటు, హేతుబద్ధీకరణ, క్రమబద్ధీకరణ, వినియోగ రుసుము, సెస్సు. వీటిలో దెబ్బ తగిలే శరీరం లేదు, కొట్టే చేయి కూడా లేదు.

పన్నుకూ రుసుముకూ శాస్త్రీయమైన భేదం ఉన్న మాట నిజమే. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని వివరించింది. పన్ను సాధారణ ప్రజాప్రయోజనం కోసం నిర్బంధంగా వసూలయ్యేది. రుసుము ఒక నిర్దిష్టమైన సేవకు ప్రతిఫలంగా చెల్లించేది. అయితే రాజకీయ వ్యవహారంలో ఈ భేదం సేవ స్వభావాన్నిబట్టి కాక, మాట్లాడేవారి స్థానాన్నిబట్టి నిర్ణయమవుతున్నది.

దీనికి చక్కని ఉదాహరణ 'చెత్త పన్ను'. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో 'క్లీన్ ఆంధ్రప్రదేశ్' కార్యక్రమం ప్రారంభమైంది. అందులో భాగంగా పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు నెలవారీ మొత్తం వసూలు చేశారు. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం దృష్టిలో అది వినియోగ రుసుము. తెలుగుదేశం దృష్టిలో అది చెత్త పన్ను. నిలిచిన పేరు రెండవదే. 2024లో అధికారంలోకి వచ్చిన తెలుగుదేశం ప్రభుత్వం అక్టోబరు 2న మచిలీపట్నంలో దాని రద్దును ప్రకటించింది. చెప్పిన మాట నిలబెట్టుకున్నారు కాబట్టి రెండవ కొలమానం ప్రకారం ఇది ద్వంద్వప్రమాణం కాదు. కానీ చెత్త సేకరణ ఖర్చు రద్దు కాలేదు. అది ఏ ఖాతాలోకి వెళ్లిందన్న మొదటి కొలమానం ప్రశ్న మిగిలే ఉంది.

ఈ వివాదానికి మరొక పార్శ్వం ఉంది. 2020 మే నెలలో కేంద్రప్రభుత్వం రాష్ట్రాల రుణపరిమితిని 3 నుంచి 5 శాతానికి పెంచుతూ, అందులో కొంతభాగాన్ని సంస్కరణలతో ముడిపెట్టింది. ఆస్తిపన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా నిర్ణయించడం, నీరు, మురుగు పారుదల సేవలకు వినియోగ రుసుములు నిర్ణయించడం ఆ షరతుల్లో ఉన్నాయి. షరతు ఢిల్లీలో పుట్టినా, దానిపై నిరసన మున్సిపల్ కార్యాలయం గుమ్మం దగ్గర జరిగింది.

4. ఎల్.ఆర్.ఎస్. - స్థానాలు మారిన వాదాలు:

అనుమతిలేని లే-అవుట్లలో ప్లాట్లు కొన్నవారి నుంచి రుసుము తీసుకొని వాటిని క్రమబద్ధీకరించే పథకాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివరలో కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లోను, తిరిగి 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 ద్వారాను తెరాస ప్రభుత్వం అదే పథకాన్ని ప్రకటించింది. ప్లాటుకు 1,000 రూపాయల దరఖాస్తు రుసుముతో సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. కరోనా కాలంలో పేదలపై ఈ భారమేమిటని, క్రమబద్ధీకరణను ఉచితంగా చేయాలని కాంగ్రెస్ నాయకులు డిమాండ్ చేశారు. విమర్శల ఫలితంగా సెప్టెంబరులో జీవో 135తో కొన్ని సడలింపులు వచ్చాయి.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 మార్చి 6న భారాస శ్రేణులు రాష్ట్రవ్యాప్తంగా ధర్నాలు చేశాయి. వారి డిమాండ్ ఎల్.ఆర్.ఎస్.ను ఉచితంగా అమలు చేయాలన్నదే. రుసుము నిర్ణయించిన పార్టీ దానిని రద్దుచేయమన్నది. రద్దుచేయమన్న పార్టీ 2025 ఫిబ్రవరిలో 25 శాతం రాయితీ ప్రకటించి వసూలుకు గడువు పెట్టింది. 2020 నాటి ప్రకటనల నుంచి పార్టీల పేర్లు తీసివేస్తే, 2024 నాటి ప్రకటనలుగా వాటిని చదువుకోవచ్చు.

ఇక్కడ రెండు పార్టీలూ రెండవ కొలమానంలో విఫలమయ్యాయి. ఉచితంగా చేస్తే తగ్గే ఆదాయం ఎంతో కాంగ్రెస్ అప్పుడు చెప్పలేదు. తాను విధించినది తప్పని భారాస ఇప్పుడు ఒప్పుకోలేదు. మధ్యలో నష్టపోయినది, మధ్యతరగతివాడు కష్టార్జితంతో కొన్న ప్లాటు. రిజిస్ట్రేషను కాక, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాక, 'ఉచితం' వస్తుందేమోనన్న ఆశతో డబ్బు కట్టక, అతడు సంవత్సరాల తరబడి ఎదురుచూశాడు. ద్వంద్వప్రమాణానికి ఖరీదు ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

5. ఒక పదబంధం - మూడు మలుపులు:

'బాదుడే బాదుడు' అన్న పదబంధం ప్రయాణం ఆసక్తికరమైనది. 2019 ఎన్నికలకు ముందు వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి తన ప్రసంగాల్లో కరెంటు, బస్సు ఛార్జీలను గురించి చంద్రబాబునాయుడు ప్రభుత్వంపై ఈ మాటను ప్రయోగించారు. 2022లో తెలుగుదేశం పార్టీ జగన్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా చేపట్టిన కార్యక్రమానికి అదే పేరు పెట్టింది. 2024 డిసెంబరు 27న విద్యుత్ ఛార్జీలకు నిరసనగా వైఎస్సార్ కాంగ్రెస్ చేపట్టిన 'పోరుబాట'లో 'బాదుడు' తిరిగి మొదటి యజమానిని చేరింది.

మూడవ మలుపులో గమనించవలసిన వాస్తవమొకటి ఉంది. అప్పుడు బిల్లుల్లో కలిసిన సర్దుబాటు ఛార్జీల్లో 2022-23 సంవత్సరానికి చెందిన సుమారు 6,072 కోట్ల రూపాయలు ఉన్నాయి. విద్యుత్ నియంత్రణ మండలి వాటి వసూలుకు 2024లో అనుమతించింది. ఖర్చు ఒక ప్రభుత్వకాలానిది, బిల్లు మరొక ప్రభుత్వకాలానిది. ఖర్చు జరిగిన కాలంలో పాలించినవారు వీధికెక్కారు. వసూలు కాలంలో పాలిస్తున్నవారు అది గత ప్రభుత్వ పాపమన్నారు. చట్టం ప్రకారం విద్యుత్ ఛార్జీ పన్ను కాకపోయినా, వినియోగదారుని అనుభవంలో అది పన్నుకు భిన్నం కాదు. ఇటువంటి కాలవ్యవధి వల్ల ఎవరిని బాధ్యులను చేయాలో అతనికి తెలియదు. ఆ అస్పష్టతలోనే 'బాదుడు' వంటి మాట ఇరుపక్షాలకూ పనికివస్తున్నది.

6. పెట్రోలు - రెండు ఖజానాలు:

మూడవ కొలమానానికి పెట్రోలు పన్ను తగిన ఉదాహరణ. 2020లో కేంద్రం పెట్రోలుపై ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు దాదాపు 33 రూపాయలకు చేర్చింది. 2021 ఫిబ్రవరి తరువాత ఆ 32.90 రూపాయల్లో మూల ఎక్సైజ్ సుంకం 1.40 రూపాయలు మాత్రమే. మిగిలినది ప్రత్యేక అదనపు సుంకం, రహదారి సెస్సు, వ్యవసాయ సెస్సు. రాష్ట్రాలతో పంచుకొనే నిధిలోకి వెళ్లేది ఆ మూల సుంకమే. 41 శాతం చొప్పున లెక్కించినా, అన్ని రాష్ట్రాలకూ కలిపి లీటరుకు 57 పైసలు. కాబట్టి సెస్సుల పేరుతో రాష్ట్రాల వాటాకు గండి కొడుతున్నారన్న తెరాస వాదనలో బలముంది.

అయితే ఆ వాదన చేసిన ప్రభుత్వమే 2015లో పెట్రోలుపై వ్యాట్‌ను 31 నుంచి 35.2 శాతానికి, డీజిలుపై 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. తరువాత కాలంలో దానిని పెంపుగా కాక, అంకెను సరిచేయడంగా వివరించింది. కేంద్రం 2021 నవంబరులో, 2022 మే నెలలో సుంకం తగ్గించినప్పుడు రాష్ట్రం వ్యాట్ తగ్గించలేదు. మరోవైపు, 2022 ఏప్రిల్‌లో వ్యాట్ తగ్గించని రాష్ట్రాలను పేర్లు చెప్పి ప్రస్తావించిన ప్రధానమంత్రి, అంతకు రెండేళ్ల ముందు కేంద్రం పెంచిన సుంకాన్ని అదే తూకంతో తూచలేదు. ధరల పెంపుపై ధర్నాలు చేసిన కాంగ్రెస్ 2023 డిసెంబరులో తెలంగాణలో అధికారం చేపట్టాక కూడా 35.2 శాతం కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ తగ్గించాలని 2021 నవంబరులో తెలుగుదేశం ఆందోళన చేసింది. 2024లో ప్రభుత్వం మారిన వెంటనే అక్కడా రేట్లు తగ్గలేదు. ఈ ఒక్క విషయంలో అన్ని ప్రధాన పార్టీలదీ ఒకే మాట: తగ్గించవలసినది ఎదుటివారు.

7. మండలిలో సమ్మతి - వీధిలో నిరసన:

వస్తుసేవల పన్ను కోసం యూపీఏ ప్రభుత్వం 2011లో 115వ రాజ్యాంగ సవరణ బిల్లు ప్రవేశపెట్టినప్పుడు గుజరాత్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2017 జూన్ 30 అర్ధరాత్రి దానిని ఆరంభించినది నాటి గుజరాత్ ముఖ్యమంత్రే. ఆ సభను బహిష్కరించినది బిల్లు తొలి రూపకర్త కాంగ్రెస్. రాహుల్‌గాంధీ దానిని 'గబ్బర్ సింగ్ ట్యాక్స్' అన్నారు. రేట్ల నిర్మాణం మారిందన్నది కాంగ్రెస్ సమాధానం. పరిహారానికి హామీ లభించిందన్నది భాజపా సమాధానం. రెండింటిలోనూ కొంత హేతువుంది. కారణం చెప్పారు కాబట్టి దీనిని పూర్తి ద్వంద్వప్రమాణమనడం తొందరపాటవుతుంది.

తెలంగాణ శాసనసభ 2016 ఆగస్టులోనే ఈ సవరణను ఆమోదించింది. 2022 జులై 18 నుంచి ప్యాకెట్‌లో లేబుల్‌తో అమ్మే పెరుగు, మజ్జిగ, బియ్యం వంటివాటిపై 5 శాతం పన్ను అమలైనప్పుడు తెరాస నిరసనలు చేపట్టింది. మండలిలో రాష్ట్రాలన్నీ అంగీకరించాకే నిర్ణయం జరిగిందని కేంద్ర ఆర్థికమంత్రి బదులిచ్చారు. అదే ఏడాది అక్టోబరులో చేనేతపై 5 శాతం పన్ను రద్దుకోసం కె.టి. రామారావు పోస్టుకార్డుల ఉద్యమం ఆరంభించారు. చేనేత కార్మికుని కోణంలో ఆ కోరిక న్యాయమైనదే. కానీ మండలిలో కేంద్రానికి మూడింట ఒకవంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండువంతుల ఓటు విలువ ఉండగా, ఓటింగ్ జరిగిన సందర్భాలు అత్యల్పం. గదిలోపలి మౌనానికీ వీధిలోని నినాదానికీ మధ్య దూరాన్ని కొలవడం పరిశోధకుల బాధ్యత.

8. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

- వైఖరి మారడం మాత్రమే ద్వంద్వప్రమాణం కాదు. మార్పుకు కారణం చెప్పకపోవడం, ప్రత్యామ్నాయం చూపకపోవడం, తనకు మినహాయింపు ఇచ్చుకోవడం దాని లక్షణాలు.

- ఈ లక్షణాలు ఒక పార్టీకి పరిమితం కావు. ఎల్.ఆర్.ఎస్., పెట్రోలు పన్ను వివాదాల్లో ప్రత్యర్థి పార్టీలు ఒకరి వాదాన్ని మరొకరు యథాతథంగా తీసుకున్నాయి.

- బాదుడు, సవరణ వంటి పదాలు వాదానికి ప్రత్యామ్నాయాలుగా మారాయి. పేరు పెట్టడంతోనే చర్చ ముగుస్తున్నది. ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న వెనుకబడుతున్నది.

- దీనివల్ల ఎక్కువగా నష్టపోయేవి స్థానికసంస్థలు, నిర్ణయం కోసం ఎదురుచూసే సామాన్యకుటుంబాలు.

శాసనసభ చర్చలు, ఎన్నికల ప్రణాళికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, పత్రికాశీర్షికలను పక్కపక్కన పెట్టి ఒకే పన్నుకు వేర్వేరు కాలాల్లో ఏ పార్టీ ఏ పేరు వాడిందో నమోదుచేసే పని తెలుగుశాఖలు చేపట్టదగినది. రాజకీయభాషాధ్యయనానికి అది విలువైన ఆకరమవుతుంది. అంతకుమించి, ఓటు వేసేముందు నిన్నటి మాటను నేటి మాటతో సరిపోల్చుకొనే వీలు పౌరునికి కలిగిస్తుంది.